మక్కా యొడంబడికలోని యొక పదము: పాలస్తీనీయుల చీలికపై లోకరాజ్యముల పత్రములకు వాక్యార్థ విమర్శనము

వాక్యార్థనిర్ణయము శాస్త్రగ్రంథములకును కావ్యములకును మాత్రమే వలయు పని యని పలువురు తలఁతురు. రాజ్యముల నడుమ జరుగు ఒడంబడికలును, సభల తీర్మానములును, రాయబారుల లేఖలును వాక్యసముదాయములే యగుటచే ఆ పని వానికిని వలసియే యున్నది. కావ్యమునందొక పదమునకు అర్థము తప్పెనేని రసభంగమగును. ఒడంబడికయందు అట్లు తప్పెనేని ఉద్యోగులకు జీతములు నిలిచిపోవును, సరిహద్దు ద్వారములు మూఁతపడును, ప్రాణములు పోవును. పాలస్తీనీయులలో ఫతహ్ అనియు హమాస్ అనియు పేర్కొనఁబడు రెండు పక్షముల నడుమ 2006 మొదలుకొని ముదిరిన చీలికను గుఱించి లోకరాజ్యములు వెలువరించిన పత్రములు పెక్కులు గలవు. రాజనీతిజ్ఞులు వానిని విరివిగాఁ జర్చించిరి. శబ్దార్థవిచారమునకు మాత్రము వానియందు అవకాశ మింకను మిగిలియున్నది. ఆ వివాదమంతయు నొకచో నొక్క పదముమీఁద నిలిచినది గాన ఆ పదమును, దానిని లోకము చదివిన తీరును పరీక్షించుట వ్యర్థము గానేరదు.

విషయము తేటపడుటకై పూర్వకథ కొంత చెప్పవలసియున్నది. పాలస్తీనా విమోచనసంస్థ 1964 లో స్థాపితమైనది; 1969 మొదలు దానియందు ఫతహ్ పక్షమే ప్రధానము. 1987 తుదిని పుట్టిన హమాస్ ఆ సంస్థలోఁ జేరలేదు. 1993 సెప్టెంబరు 9వ తేదీ నాఁటి లేఖలలో విమోచనసంస్థాధ్యక్షుఁడు యాసర్ అరాఫత్ ఇస్రాయేలునకు శాంతిభద్రతలతో మనుటకు హక్కు గలదని యంగీకరించెను. ఇస్రాయేలు ప్రధాని యిట్జాక్ రబీన్ ఆ సంస్థను పాలస్తీనీయుల ప్రతినిధిగా గుర్తించెను. ఈ రెండు గుర్తింపులు సమానములు గావు. ఒకచో గుర్తింపఁబడినది రాజ్యము. రెండవచో ప్రతినిధి మాత్రమే. 1994 లో నేర్పడిన పాలస్తీనా పాలనాధికారసంస్థ ఈ యొప్పందముల ఫలము. ఇందు గమనింపవలసిన దొకటి గలదు. "గుర్తించెను" అను క్రియకు కర్త విమోచనసంస్థయే గాని, తరువాత నేర్పడిన ప్రభుత్వము గాని, అందు పాల్గొను పక్షములు గాని కావు. ఈ కర్తృవిచారము ముందు పనికివచ్చును.

2006 జనవరి 25వ తేదీని పాలస్తీనా శాసనసభకు ఎన్నికలు జరిగినవి. మొత్తము 132 స్థానములలో హమాస్ కు 74, ఫతహ్ కు 45 లభించినవి. విదేశీయ పరిశీలకులు ఎన్నిక న్యాయముగా జరిగినదనిరి. అయిదు దినములకు, జనవరి 30వ తేదీని, చతుష్టయ మనఁబడు కూటమి లండనులో నొక ప్రకటన చేసినది. ఐక్యరాజ్య సమితి, అమెరికా, ఐరోపా సమాఖ్య, రష్యా అను నలుగురు చేరి 2002 లో నేర్పఱచుకొనిన కూటమి యిది. ఆ ప్రకటనయందు రెండు ప్రధానవాక్యములు గలవు. రాఁబోవు ప్రభుత్వమునకు సభ్యులగువారందఱును అహింసకును, ఇస్రాయేలు గుర్తింపునకును, పూర్వపు ఒప్పందములను, బాధ్యతలను అంగీకరించుటకును కట్టుబడియుండవలయు ననునది యొకటి. ఈ మూఁడు సూత్రములపట్ల ఆ ప్రభుత్వమునకు గల నిబద్ధతను బట్టి దాతలు తమ సహాయమును పునఃపరిశీలించుట యనివార్యమగు ననునది రెండవది. పూర్వపు ఒప్పందములలో 2003 నాఁటి "మార్గపటము" ప్రత్యేకముగాఁ బేర్కొనఁబడినది.

ఈ ప్రకటనను మీమాంసకుల పద్ధతిని చదివినచో లోపము వెంటనే కనఁబడును. విధివాక్యమునందలి భావనకు వారు మూఁడంశములు చెప్పుదురు. దేనిని సాధింపవలయు ననుటకు సాధ్యము, దేనిచే ననుటకు సాధనము, ఎట్లనుటకు ఇతికర్తవ్యత. స్వర్గము కోరువాఁడు యాగము చేయవలయు నను విధియందు స్వర్గము సాధ్యము, యాగము సాధనము, ప్రయాజాదులగు అంగకర్మములు ఇతికర్తవ్యత. సాధ్యము తెలియనిదే పురుషునకు ప్రవృత్తి కలుగదు. జనవరి ప్రకటనయందు సాధనము మూఁడు సూత్రముల రూపమున స్పష్టముగా నున్నది. వానిని నెఱవేర్చినవానికి లభించునది యేమి? సహాయము ఆగిపోకుండుట మాత్రమే. అదియు "పునఃపరిశీలన" యను మాటచాటున నున్నది. మార్గపటమునందు సాధ్యము గలదు కదా యని యెవరైనఁ జెప్పవచ్చును. నిజమే, ఆ పటము 2005 నాఁటికి తుది పరిష్కారము జరుగవలెనని నిర్ణయించినది. 2006 లో దానిని స్మరించుట గడువు తీఱిన పత్రమును చూపుట వంటిది. అందులోని బాధ్యతలు ఒకపక్షమునకు నిలిచియున్నవి. అందులోని కాలనియమము అప్పటికే గతించినది.

కర్తృవిషయమునను సందేహము గలదు. మొదటి వాక్యమునకు కర్త "సభ్యులందఱు", రెండవ వాక్యమునకు "ప్రభుత్వము". వ్యక్తులు కట్టుబడవలయునా, ప్రభుత్వము కట్టుబడవలయునా, పక్షము కట్టుబడవలయునా? 1993 లో గుర్తింపు నిచ్చినది విమోచనసంస్థ; ఏ పక్షమును వేఱుగా నట్టి ప్రతిజ్ఞ చేయలేదు. ప్రభుత్వము చేయు పనికిని పక్షము నమ్ము సిద్ధాంతమునకును భేదము గలదని యొప్పినచో నొక తీర్పు, ఒప్పనిచో వేఱొక తీర్పు వచ్చును. ప్రకటనకర్తలు దీనిని తేల్చలేదు. తేల్చకుండుటచే నెవరికి నచ్చిన యర్థమును వారు చెప్పుకొనిరి. 2006 మార్చి తొలిదినములలోనే రష్యా హమాస్ నాయకులను మాస్కోకుఁ బిలిచి మాటలాడినది. హనియే ప్రభుత్వము మార్చి 29వ తేదీని ప్రమాణము చేసిన పిదప, ఏప్రిలులో అమెరికాయు ఐరోపా సమాఖ్యయు ఆ ప్రభుత్వమునకు నేరుగా నిచ్చు సహాయమును నిలిపివేసినవి. ఒకే ప్రకటనకు చేవ్రాలు చేసిన నలుగురిలో ఇద్దఱి యాచరణ మూఁడవవాని యాచరణతో విరుద్ధమైనది. ఇస్రాయేలు తాను వసూలు చేసి యిచ్చెడు పన్నుల సొమ్మును తనయొద్దనే యుంచుకొన్నది. పిమ్మట ఐరోపా సమాఖ్య ప్రభుత్వమును తప్పించి ప్రజలకు సొమ్ము చేర్చు తాత్కాలికపు ఏర్పాటొకటి కల్పించినది. అనఁగా "పునఃపరిశీలన" యను పదమునకు "నిషేధ" మను నర్థము కొలఁది వారములలోనే యేర్పడినది.

ఈ యర్థపరిణామమును లోపలినుండి చూచి వ్రాసినవాఁడు అల్వారో డి సోటో. అతఁడు పశ్చిమాసియా శాంతిప్రయత్నములకు ఐక్యరాజ్య సమితి ప్రతినిధి. 2007 మే నెలలో నుద్యోగము వీడుచు వ్రాసిన రహస్యనివేదిక జూనులో పత్రికలకెక్కినది. ఉమ్మడి పత్రము ననుసరించి సంధిమాటలను ప్రోత్సహింపవలసిన చతుష్టయము, విదేశాక్రమణలో నున్న ప్రజలు స్వేచ్ఛగా నెన్నుకొనిన ప్రభుత్వమునకు శిక్ష విధించు కూటముగా మాఱెననియు, సంభాషణకు అందరాని షరతులు పెట్టెననియు నతని విమర్శనము. ఇట్టి మాటలు కూటమిలోని యొక యంగమునకు ప్రతినిధియైనవాఁడే పలుకుటచే వానికి ప్రామాణ్యము హెచ్చు. హమాస్ ను సమర్థించుటకై యతఁ డిట్లు వ్రాయలేదు. పత్రము చెప్పినదొకటి, చేసినది మఱొకటి యని చూపుటకై వ్రాసెను.

ఇఁక మక్కా యొడంబడిక. 2006 మే నెలలో ఇస్రాయేలు కారాగారమునందున్న ఉభయపక్షముల ఖైదీలు కలిసి జాతీయ సమాధానపత్ర మొకటి కూర్చిరి; జూనులో దానిని సవరించి పక్షములు గ్రహించినవి. అయినను వీథిపోరాటములు నిలువలేదు. 2007 ఫిబ్రవరి 8వ తేదీని సౌదీ రాజగు అబ్దుల్లా సమక్షమున మక్కా నగరమునందు మహమూద్ అబ్బాసు పక్షమును హమాస్ పక్షమును ఉమ్మడి ప్రభుత్వమునకు సమ్మతించినవి. ఆ సందర్భమున అబ్బాసు, హనియేను ప్రభుత్వనిర్మాణమునకు నియోగించుచు నొక లేఖ నిచ్చెను. వివాదపదము ఆ లేఖయందున్నది. పాలస్తీనా ప్రజల పరమప్రయోజనములకు "ఇల్తిజాము" వహింపుమని లేఖ కోరుచున్నది. అరబ్బుల యొక్కయు అంతర్జాతీయముల యొక్కయు తీర్మానములపట్లను, విమోచనసంస్థ చేవ్రాలు చేసిన ఒప్పందములపట్లను మాత్రము "ఇహ్తిరాము" చూపుమని కోరుచున్నది. మొదటిదానికి కట్టుబాటు అనియు, రెండవదానికి గౌరవము అనియు నర్థము. చతుష్టయము కోరినది అంగీకారమును, నిబద్ధతయు. లేఖ యిచ్చినది గౌరవము.

ఒకే లేఖయందు, కొలఁది పంక్తుల యెడమున, ఒకచో కట్టుబాటు అనియు వేఱొకచో గౌరవము అనియు నుండుట లేఖకుని యలక్ష్యమని చెప్పవీలు లేదు. రెండు పదములును ఆ భాషకు సామాన్యములే. పర్యాయములే యైనచో రెండవచోఁ గూడ మొదటిదానినే వాడియుండవచ్చును. కాఁబట్టి భేదము బుద్ధిపూర్వకము. యోగార్థమును వెదకినచో "ఇల్తిజాము" అంటియుండుట, తప్పనిదై యుండుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. "ఇహ్తిరాము" పావనత్వమును, అతిక్రమింపఁగూడమిని దెలుపు ధాతువునుండి పుట్టినది. మక్కాలోని పవిత్రస్థలమునకు "హరము" అను పేరును ఆ ధాతువుదే. దీనిని బట్టి, అతిక్రమింపఁగూడని దనుట కట్టుబాటునకు తక్కువ గాదని వాదించుట యోగార్థమున సాధ్యమే. రూఢియందు మాత్రము గౌరవించుట యనఁగా ఎదిరింపక మర్యాద చూపుట, స్వీకరించుట గాదు. యోగముకంటె రూఢి బలవత్తరమని శాస్త్రము. ఆ రూఢ్యర్థమునే హమాస్ చెప్పుకొన్నది. దానికి మించిన యర్థమును ఫతహ్ చెప్పుకొన్నది. ఇరువురును చేవ్రాలు చేయుటకు వీలు కల్పించిన దా రెండర్థముల నడుమనున్న సందే.

ఈ చిక్కు తెలుఁగు పాఠకునకు క్రొత్త గాదు. తెలుఁగులో మన్నించుట యను క్రియ గౌరవించుట, చెప్పినట్లు చేయుట, క్షమించుట యను మూఁడర్థములందును వర్తించును. పెద్దల మాట మన్నించె ననినచో చెప్పినట్లు చేసెననియే గ్రాహ్యము. అతిథిని మన్నించె ననినచో మర్యాద చేసెనని మాత్రమే. మక్కా లేఖను తెలిఁగించువాఁడు "ఒప్పందములను మన్నింపుము" అని వ్రాసినచో పాఠకుఁడు అబ్బాసు పక్షమును, "గౌరవింపుము" అని వ్రాసినచో హమాస్ పక్షమును పొందును. ఇట్టి యనువాదకుని తీర్పునే ఆ సంవత్సరమున రాజ్యములన్నియు నిచ్చినవి.

వాని తీర్పులు భిన్నములు. మార్చి 17వ తేదీని ఉమ్మడి ప్రభుత్వ మేర్పడఁగానే నార్వే దానిని గుర్తించినది. అమెరికాయు ఐరోపావారును హమాస్ కు చెందని మంత్రులతోఁ బ్రత్యేకముగా మాటలాడిరి; ప్రభుత్వముతో మాటలాడలేదు. ఇస్రాయేలు ప్రభుత్వమునంతను నిరాకరించినది. చతుష్టయము ఫిబ్రవరి 21వ తేదీని బెర్లినులో మూఁడు సూత్రములను మరల వల్లించినది. మార్చి 21వ తేదీని మాత్రము నిబద్ధతను కొలుచుటకు ప్రభుత్వపు కూర్పును, ప్రణాళికయును మాత్రమే గాక, చేఁతలను గూడఁ జూతుమని కలిపినది. లేఖ యొక్కటే, అర్థము లిన్ని. అర్థమును నిర్ణయించినది పదము గాదు, చదివినవారి తాత్పర్యమని దీనివలనఁ దెలియుచున్నది.

ఇచ్చట బలమైన పూర్వపక్ష మొకటి గలదు. హమాస్ 1988 నాఁటి తన శాసనపత్రమున ఇస్రాయేలు నాశమును కోరినది. సామాన్యజనులపై ప్రాణాంతకములగు దాడులు చేసినది. అట్టివారియొద్ద అస్పష్టపదమును పుచ్చుకొనుట మోసపోవుటయే గాన నిస్సందిగ్ధవాక్యమును కోరుట న్యాయము. ఈ వాదమును తేలికగాఁ ద్రోసివేయరాదు. హంతకుని మాటకు మెలికలు వెదకుట జాగరూకత యనిపించుకొనును. అయినను సమాధానము గలదు. మాటపై నమ్మకము లేనిచో ఎంత నిస్సందిగ్ధమైన మాటయు నిష్ప్రయోజనము. అప్పుడు పరీక్ష చేఁతలకే. మార్చి 21వ తేదీ ప్రకటనము ఈ సూక్ష్మమును గ్రహించినది. గ్రహించియు చేఁతలను చూచుటకు వలయు నవకాశమును, సహాయమును ఈయలేదు. ఆ నెలలలోనే అబ్బాసు రక్షకభటుల శిక్షణమునకై అమెరికా ధనము కేటాయించినది. ఉమ్మడి ప్రభుత్వమును పరీక్షింతు మనినవారు దానిలోని యొక పక్షమును రెండవ పక్షముతోఁ బోరుటకు సిద్ధపఱచుట, విద్యార్థిని పరీక్షకుఁ గూర్చుండఁబెట్టి దీపమార్పుట వంటిది.

2007 జూనులో ఆ పోరు వచ్చినది. అయిదాఱు దినములలో నూఱుమందికి మించి హతులైరి. జూను 14వ తేదీకి గాజా హమాస్ వశమైనది. అబ్బాసు ఉమ్మడి ప్రభుత్వమును రద్దుచేసి సలాం ఫయ్యాదును ప్రధానిగా నియమించెను. పశ్చిమతీరమునందలి యీ ప్రభుత్వమునకు కొలఁది దినములలోనే అమెరికాయు ఐరోపా సమాఖ్యయు సహాయమును మరల నారంభించినవి. ఇస్రాయేలు పన్నుల సొమ్మును విడిచినది. గాజాకు ముట్టడి బిగిసినది. జనవరి ప్రకటనయందు కనఁబడని సాధ్యము ఇప్పుడు కనఁబడినది. ఐక్యముగా నున్నప్పుడు దొరకని ఫలము చీలినపిమ్మట దొరకినది. ఏ ప్రకటనయందును చీలిక కోరఁబడలేదు. అన్నిటియందును ఐక్యము శ్లాఘింపఁబడినది. ఫలము మాత్రము వాక్యమును త్రోసిపుచ్చినది. తాత్పర్యనిర్ణయమునకు ఫలమును లింగముగాఁ జెప్పిన పెద్దల మాట యిచ్చట కఠినముగా నిజమైనది.

ఈ సమయమున పాలస్తీనీయుల తరఫున మాటలాడినవారిలో మహమూద్ దర్వీషు ముఖ్యుఁడు. 1988 లో ఆల్జియర్సున వెలువడిన పాలస్తీనా స్వాతంత్ర్యప్రకటనకు రచనచేసిన కవి యతఁడే. "నీవు, ఇకమీఁదట, మఱియొకఁడవు" అను నర్థము గల పేరుతో 2007 జూనులో నతఁడొక గద్యఖండికను ప్రకటించెను; అది 2008 నాఁటి సంపుటమునఁ జేరినది. పరరాజ్యముల తప్పులను లెక్కించుట యతని యుద్దేశము గాదు. తమ చేతులకంటిన తమవారి రక్తమును, తాము దేవదూతల మనుకొనిన గర్వమును అతఁడు నిందించెను. లోకరాజ్యముల పత్రములు పదమునకు నిబద్ధత యెంత యని కొలుచుచుండఁగా, కవి "మనము" అను సర్వనామమునకే అర్థము పోయినదని గ్రహించెను. రాజనీతిపత్రములను మాత్రమే చదువు విమర్శకుఁడు ఈ రచనను విడిచినచో దోషమంతయు బయటివారిదే యను భ్రమకు లోనగును.

వాస్తవముగా పాలస్తీనా పక్షముల పత్రములకును లోపము గలదు. అది వేఱుతెఱఁగుది. 2008 మార్చి 23వ తేదీని యెమెన్ రాజధాని సనాలో నొక ప్రకటనకు ఉభయులును చేవ్రాలు చేసిరి. సిరా యాఱకమునుపే వివాదము పుట్టినది. ప్రకటనలోని యంశములను చర్చింపవలయునని హమాస్, చర్చ లేక ఆచరింపవలయునని అబ్బాసు పక్షము. తరువాత 2011 మే 4వ తేదీని కైరో, 2012 ఫిబ్రవరిలో దోహా, 2014 ఏప్రిల్ 23వ తేదీని గాజాలోని షాతీ శరణార్థిశిబిరము, 2017 అక్టోబరు 12వ తేదీని మరల కైరో, 2022 అక్టోబరులో ఆల్జియర్సు, 2024 జూలై 23వ తేదీని బీజింగు. బీజింగు పత్రమునకు 14 పక్షములు సమ్మతించినవి. వీనియందెల్ల సాధ్యము ఘనముగా నున్నది: ఐక్యము, ఎన్నికలు, విమోచనసంస్థ పునర్నిర్మాణము. ఇతికర్తవ్యత మాత్రము లేదు. ఆయుధము లెవరి యాజ్ఞలో నుండవలయును? గాజాలో హమాస్ నియమించిన సుమారు 40,000 ఉద్యోగులకు జీతము లెవ్వరీయవలయును? 2014 నాఁటి ప్రభుత్వము ఈ రెండవ ప్రశ్నకే కుంటువడినది. 2021 మే 22వ తేదీకి నిర్ణయించిన ఎన్నికలు ఏప్రిల్ 29వ తేదీని వాయిదాపడినవి. ఆల్జియర్సు ప్రకటనము ఒక్క సంవత్సరములో ఎన్నికలనినది, అవి జరుగలేదు.

ఒడంబడికల పేర్లే యొక విశేషమును దెలుపును. షాతీ తక్క మిగిలినవన్నియు పరుల నగరముల పేర్లు. ప్రతి యాతిథేయుఁడును తన నగరనామము చరిత్రలో నిలుచుటను కోరినవాఁడే. పత్రము పుట్టుట వానికి ఫలము; పత్రము నడచుట వాని బాధ్యత గాదు. అందువలననే ఉపక్రమమునందలి యుత్సాహము ఉపసంహారమునందు కనఁబడదు. రాజ్యముల ప్రతిస్పందన యనఁగా షరతులు పెట్టుట మాత్రమే గాదు. సమాధానమునకు పందిరి వేసి యెత్తివేయుటయు నందొక భాగము.

2014 నాఁటి సంఘటనము కర్తృవిచారమునకు మంచి యుదాహరణము. జూను 2వ తేదీని ఏర్పడిన రామీ హమ్దల్లా ప్రభుత్వమున హమాస్ సభ్యుఁ డొక్కఁడును లేఁడు. ప్రభుత్వము మూఁడు సూత్రములకు కట్టుబడునని అబ్బాసు ప్రకటించెను. "సభ్యులందఱు" అను కర్త తృప్తిపడినాఁడు. అమెరికా తాను దానితోఁ బనిచేయుదు ననినది. ఐరోపా సమాఖ్య స్వాగతించినది. ఇస్రాయేలు మాత్రము ప్రభుత్వ మేర్పడక మునుపే, షాతీ యొడంబడిక జరిగిన మఱునాఁడే, సంధిమాటలను నిలిపివేసినది. దాని పఠనమునందు కర్త సభ్యుఁడు గాఁడు, సమర్థకుఁడు. 2017 అక్టోబరులో అమెరికా రాయబారి జేసన్ గ్రీన్‌బ్లాట్ మూఁడు సూత్రములకు నిరాయుధీకరణమును చేర్చెను. కర్త మాఱుచుండఁగా, షరతులు పెరుఁగుచుండఁగా, వాక్యము మాత్రము పాతదే యని చెప్పఁబడినది.

2023 అక్టోబరు 7వ తేదీని హమాస్ చేసిన దాడిలో ఇస్రాయేలున సుమారు 1,200 మంది హతులైరి. 251 మంది బందీలుగాఁ గొనిపోఁబడిరి. తరువాతి యుద్ధమున గాజాలో పదులవేలమంది చనిపోయిరి. ఇంతటి నాశము పిమ్మట వెలువడిన పత్రములలో రెండు విచారింపఁదగినవి. ఫ్రాన్సు, సౌదీ అరేబియాలు నడిపిన సభలో 2025 జూలైలో కూర్పఁబడిన న్యూయార్కు ప్రకటనను, ఐక్యరాజ్య సమితి సర్వసభ్యసభ సెప్టెంబరు 12వ తేదీని 142 మతములతో నంగీకరించినది. 10 ప్రతికూలములు, 12 తటస్థములు. హమాస్ గాజాపాలనమును విడిచి యాయుధములను పాలనాధికారసంస్థ కప్పగింపవలయు ననియు, ఒకే రాజ్యము, ఒకే ప్రభుత్వము, ఒకే శాసనము, ఒకే యాయుధశక్తి యుండవలయు ననియు దాని సారము. ఇందు సాధ్యమైన రాజ్యము స్పష్టముగాఁ జెప్పఁబడినది. ఇది జనవరి ప్రకటనకంటె మేలు. కాని ఆయుధము విడువవలసిన పక్షమునకు ఇందు చేవ్రాలు లేదు. రాజ్యము నీయవలసిన పక్షము ప్రతికూలముగా మతమిచ్చినది. కర్తలు లేని క్రియలివి.

రెండవది భద్రతామండలి 2025 నవంబరు 17వ తేదీని 13 మతములతో నంగీకరించిన 2803వ తీర్మానము; రష్యా, చీనా తటస్థముగా నుండినవి. గాజాపాలనమునకు శాంతిమండలిని, అంతర్జాతీయ బలమును ఏర్పఱుపవచ్చునని యది చెప్పినది. పాలస్తీనా రాజ్యమును గుఱించి యందలి వాక్యము శాబ్దికులకు పరిశీలనార్హము. పాలనాధికారసంస్థ సంస్కరణము నిష్ఠతో జరిగి, గాజా పునర్నిర్మాణము సాగిన పిదప, రాజ్యమునకు నమ్మఁదగిన దారికి వలయు పరిస్థితులు కలుగవచ్చునని దాని భావము. సంస్కృతమున లిఙ్ ప్రత్యయము విధియందును సంభావనయందును వచ్చును. సందర్భమే యర్థమును నిర్ణయించును. ఇచ్చట పాలస్తీనీయులు చేయవలసిన పని విధ్యర్థమున నున్నది. వారికి రావలసిన ఫలము సంభావనార్థమున నున్నది. అదియును రాజ్యమే గాదు, రాజ్యమునకు దారి, దారియుఁ గాదు, దారికి వలయు పరిస్థితులు. ఫలము మూఁడు మెట్లు వెనుకకుఁ జరిగినది.

ఈ పత్రపరంపరను వరుసగాఁ జదివినచో నొక సిద్ధాంతము తేలుచున్నది. లోకరాజ్యములు పాలస్తీనీయులను ఐక్యము కమ్మని యనేకమాఱులు కోరినవి; ఆ కోరికయందు సాధనము నిర్దిష్టము, సాధ్యము అనిశ్చితము. పాలస్తీనా పక్షములు ఐక్యమును అనేకమాఱులు ప్రతిజ్ఞ చేసినవి. ఆ ప్రతిజ్ఞయందు సాధ్యము నిర్దిష్టము, ఇతికర్తవ్యత శూన్యము. రెండు లోపములు నొకదాని నొకటి పోషించుకొన్నవి. నెఱవేర్చినచో నేమి కలుగునో చెప్పనివాఁడు ఎదుటివాని మాట స్పష్టముగా లేదని నిందించెను. ఎట్లు నెఱవేర్తునో చెప్పనివాఁడు ఎదుటివాని షరతు అన్యాయమని నిందించెను.

మక్కా లేఖలోని "ఇహ్తిరాము" ఈ రెంటి నడుమఁ జిక్కిన పదము. సందిగ్ధతయే దాని దోషమని చతుష్టయము తలఁచినది. ఒడంబడికలలో సందిగ్ధపదము ఎల్లప్పుడును దోషము గాదు. నిన్నటి శత్రువులు నేఁడొక్క బల్లకడఁ గూర్చుండుటకు కొంతకాలము దాని నీడ వలయును. ఆ కాలములో చేఁతలచే నర్థము స్థిరపడును. 2007 మార్చి 17 మొదలు జూను 14 వఱకు మూఁడు నెలలు మాత్రమే ఆ పదమునకు ఆయుర్దాయము దొరకినది. అంతలో దాని యర్థమును కత్తులు నిర్ణయించినవి. ఇకమీఁద కూర్పఁబడు పత్రములను పరీక్షించువారు పదములు కఠినముగా నున్నవా, మెత్తగా నున్నవా యని మాత్రమే చూడరాదు. చేయవలసినవాఁ డెవ్వఁడు, చేసినచో నేమి కలుగును, ఎట్లు చేయవలయు నను మూఁటికిని సమాధాన మున్నదా యని చూడవలయును. ఆ మూఁడును లేని పత్ర మెన్ని రాజ్యములు చేవ్రాలు చేసినను అసమాప్తవాక్యమే.